తెల్లబల్బు

ఆ వారంలో ఆ ఇంట్లో తెల్లబల్బు పోవడం అది మూడోసారి.

ముందు స్నానాలగదిలోది పోయింది. ఆ తర్వాత వంటింట్లోది. ఇవాళ ఏకంగా పెద్దగది నడుమ, ఇనప అరల మీద వేలాడేదే పోయింది. మొదటి రెండూ పోతే పోయాయని తడుముకుంటూ నెట్టుకొచ్చాడు మొక్కలాయన. ఇది పోయేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

"ఏమే! ఇదీ పోయింది!" స్విచ్చిని టకటకలాడిస్తూ కేకేశాడు.

"పోతే పోయింది లెండి," అరల వెనకనుంచి పలికింది భార్య. "టార్చి ఉందిగా. నేను పట్టుకుంటాను."

"నీకేం, ఎన్నయినా చెబుతావు. వరసగా మూడు పోయాయంటే కరెంటులోనే ఏదో తేడా ఉంది. బల్బులు పోతే పోనీ. రేపు ఆ దెబ్బ మన లైట్ల మీద పడిందనుకో, ఇద్దరం కలిసి సన్యాసం పుచ్చుకోవడమే."

"కలిసి పుచ్చుకోనివ్వరండీ. ఎవరికి వాళ్ళే వెళ్ళాలి."

అతను నవ్వేశాడు. ఆమె మాటకి మాట తగిలించిందంటే ఇంట్లో అంతా బాగానే ఉన్నట్టు.

ఆ ఇంట్లో తెల్లబల్బుకున్న విలువ బయటివాళ్ళకి తెలియదు. రెండు గదులు, ఒక వంటిల్లు. మేడకింద వెనకవైపు వాటా. గుమ్మం తీసినా సందులోకే, సందులో మధ్యాహ్నం కూడా మసక. గోడల పొడుగునా నేల నుంచి కప్పు దాకా ఇనప అరలు, ప్రతి అర అడుగునా సన్నటి ఎల్‌ఈడీ లైట్లు. ఎరుపూ నీలమూ కలిసి ఇల్లంతా ఊదారంగు. ఆ వెలుగు కింద వరసగా తొట్లు. మనీప్లాంటు, ఫెర్న్, పీస్ లిల్లీ. ఆఫీసుల్లో, హోటళ్ళలో, సూర్యుడు తొంగిచూడని చోట్ల పెట్టే మొక్కలు. ఎండ చూడకుండా బతకాల్సిన మొక్క ఎండ చూడకుండానే పెరగాలి, అప్పుడే తట్టుకుంటుందన్నది అతని సిద్ధాంతం. సందులో పిల్లలు ఆ వాటాని డిస్కో ఇల్లంటారు, అతన్ని డిస్కో మావయ్యంటారు. పిలిచినప్పుడల్లా అతను సంచీ కింద పెట్టి రెండడుగులు వేసి చూపించేవాడు కూడా.

ఆ వెలుగుతో ఒక్కటే చిక్కు. మొక్కకి అన్నం పెడుతుంది, మనిషి కళ్ళకి గంతలు కడుతుంది. అందులో పచ్చటి ఆకు నల్లగా కనిపిస్తుంది. తెల్లకాగితమూ పసుపుముద్దా పక్కపక్కన పెడితే రెండూ ఒకే గులాబీరంగు. ఆకు పసుపెక్కుతోందా లేదా అన్నది ఎంత కళ్ళు చించుకున్నా తెలియదు. అందుకే రోజూ సాయంత్రం లైట్లన్నీ ఆపి, నడుమనున్న ఆ ఒక్క తెల్లబల్బూ వేసి, ఆకు ఆకూ తిప్పి చూస్తాడు. ఆవగింజంత పసుపు కనిపించినా సరే, ఆ తొట్టి వరసలోంచి మూలకి వెళ్ళిపోతుంది. ఒకటి చెడితే పక్కవాటికి అంటుకుంటుందని భయం. మూలకి వెళ్ళిన తొట్టి మళ్ళీ వరసలోకి రావడం ఇంతవరకూ జరగలేదు.

ఇవాళ లైట్లన్నీ ఆపాక ఇల్లు నల్లబడిపోయింది. భార్య అతని వెనక నిలబడి, భుజం మీదుగా టార్చి పట్టుకుంది. వెలుగు గుండ్రంగా ఆకుల మీద పడింది. పట్టుకున్న మనిషి చీకట్లో ఉండిపోయింది.

"అలా కాదు, కొంచెం కిందకి. ఆ... అక్కడ. ఇదిగో వీడు చూడు, మొన్నటిదాకా నేలచూపులు చూసేవాడు, ఇవాళ రొమ్ము విరుచుకున్నాడు. హోటల్ మేనేజరు లేడూ, అచ్చం అలాగే. 'చూడండి సార్, మాకు మొక్కలు నవ్వుతూ ఉండాలి సార్' అంటాడు. ఏనాడైనా తను నవ్వితేగా!" ముక్కుతో మాట్లాడి చూపించాడు. వెనకనుంచి ఆమె నవ్వు వినిపించింది. ఆకులు చూస్తున్నంతసేపూ అతని నోరు మూతపడదు. తొట్టికో కథ. ఆమెకది రోజూ ఉండే ఆట.

కింది అరలో ఒక లిల్లీ ఆకు అడుగున చెయ్యి ఆగింది. ఈనె పక్కన సన్నటి పసుపు గీత. గోటితో గీకి చూశాడు. పోలేదు. మాట ఆపేశాడు. తొట్టిని రెండు చేతులా ఎత్తి మూలలో పెట్టి వచ్చాడు. ఆ పైన రెండు అరలు చూసేదాకా నోరు విప్పలేదు.

వెనక గరగరమని చప్పుడైంది. ఆమె రెండో చేత్తో మోచెయ్యి గోక్కుంటోంది.

"ఇంకా తగ్గలేదా ఆ దురద? ఎరువు పడట్లేదు నీకు. గ్లోవ్స్ తెచ్చానుగా, వేసుకోవు."

"వేసుకుంటున్నాలెండి. ఆ పై అర చూడండి, టార్చి దిగిపోతోంది."

"ఈ ఆర్డరొక్కటీ దాటనీవే," పైకి సాగుతూ అన్నాడు. "శుక్రవారం ఆ డిజైనరమ్మ వచ్చి సరే అందంటే ఆ కంపెనీవాళ్ళ ఆఫీసులో కట్టే మొక్కల గోడంతా మనదే. ఊరిచివర ఒక షెడ్డు తీసుకుందాం. పడగ్గదిలో అర పీకేసి నీ కిటికీ నీకిచ్చేస్తా. కాలు మీద కాలేసుకుని కూర్చో, పొద్దస్తమానం ఎండ కాచుకో."

ఇంటికున్నది ఆ ఒక్క కిటికీయే. పక్కింటి ఖాళీ స్థలం మీదికి. పొద్దున్నే అక్కడ కూర్చుని తల దువ్వుకోవడం ఆమెకి ప్రాణం. ఆర్డరుకి చోటు చాలక అతను తల పట్టుకు కూర్చున్న రోజున, "ఆ కిటికీకి అడ్డంగా ఒక అర పెట్టెయ్యండి" అని తనే అంది. అతని కళ్ళు చెమర్చాయి కూడా, అలా అన్నందుకు. ఆ రోజు నుంచీ వాళ్ళ మంచం కూడా ఊదా వెలుగులోనే.

"సరే లెండి," అంది చీకట్లోంచి. "ఇస్తే కాదనను."

*

కరెంటు మేస్త్రి పొద్దున్నే స్టూలెక్కాడు. మొక్కలాయనని బావా అనీ ఆమెని అక్కా అనీ పిలుస్తాడు. బంధుత్వమేమీ లేదు. ఆ ఇంటి లైట్లన్నీ బిగించింది అతనే, ఆ చనువు.

"బావా, నీ కరెంటు నా పెళ్ళాం కంటే బుద్ధిగా ఉంది," టెస్టరు జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. నీ లైట్లకేం ఢోకా లేదు."

"మరి మూడు బల్బులు ఎలా పోయాయి?"

మేస్త్రి బల్బు పట్టుకుని ఇలా తిప్పాడో లేదో, భగ్గున వెలిగింది. గదిలో మొక్కలన్నీ ఒక్కసారి పచ్చగా బయటపడ్డాయి. అరల వెనకనుంచి గబగబా అడుగులు పడగ్గదిలోకి వెళ్ళాయి.

"పోలేదు బావా. వదులైంది అంతే. ఇంత పెద్ద మొక్కల డాక్టరువి, బల్బు బిగించుకోవడం రాదా?"

వంటింట్లోదీ స్నానాలగదిదీ కూడా అంతే. సగం చుట్టు తిప్పితే వెలిగాయి. మేస్త్రి పగలబడి నవ్వాడు. "మీ ఇంట్లో దయ్యముంది. పాపం మంచి దయ్యం. పగలగొట్టకుండా తిప్పి ఊరుకుంటోంది. అక్కా! దయ్యాన్ని పట్టిచ్చాను, టీ అయినా ఇస్తావా లేదా?"

"ఆ గదిలో లైటు తీసెయ్యరా, వేడికి మొక్కలు వాడతాయి," పడగ్గది తెర వెనకనుంచి అంది. ఒక్క బల్బు వేడికి ఏ మొక్క వాడుతుందని మొక్కలాయన అనబోయాడు, ఈలోపు మేస్త్రి స్విచ్చి ఆపేశాడు. కాసేపటికి వంటింటి తెర సందులోంచి గ్లాసు పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. చేతికి మోచేతిదాకా గ్లోవు.

"గ్లోవు తొడుక్కుని టీ ఇస్తావేంటక్కా? నేనేమైనా ఎరువునా?"

"పని మధ్యలో ఉన్నాన్రా. తాగు ముందు."

మేస్త్రి వెళ్ళిపోయాక మొక్కలాయన మంచం అంచున కూర్చుని ఆలోచనలో పడ్డాడు. బల్బులు వాటంతటవే వదులవవు. ఒకటి అవ్వొచ్చు, మూడూ కావు. ఎవరో తిప్పుతున్నారు. ఎవరు? జవాబు కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. పైన ఇంటి ఓనరమ్మ. 'మీ రంగులు చూసి ఇదేదో సారాకొట్టు అనుకుంటున్నారు బాబూ, ఖాళీ చేసి పుణ్యం కట్టుకో' అని కనబడ్డప్పుడల్లా అంటూనే ఉంది. ఆవిడ దగ్గర మారుతాళం ఉంది. పొద్దున్న తను తొట్లు దించడానికి వెళతాడు, భార్య పంపు దగ్గరకి వెళుతుంది. అదీ సమయం. తెల్లబల్బు లేకపోతే తెగులు కనబడదు, తెగులు కనబడకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే వాటా ఖాళీ. ముసలావిడ బుర్రే బుర్ర!

నల్లమార్కరు తీసి స్టూలెక్కాడు. బల్బు మెడ మీంచి హోల్డరు మీదకి ఒక నిలువు గీత గీశాడు. ఎవరైనా ఒక్క పిసరు తిప్పినా గీత రెండు ముక్కలవుతుంది.

ఆ సంగతి భార్యకి చెప్పలేదు. ఊరికే భయపడుతుందని.

*

మర్నాడు సాయంత్రం స్విచ్చి వేశాడు. వెలగలేదు. స్టూలెక్కి వేలితో తడిమి, టార్చి వేసి చూశాడు. గీత రెండు ముక్కలై ఉంది. పై ముక్క ఇటు, కింది ముక్క అటు. దొంగ దొరికేదాకా సాక్ష్యం చెరపకూడదని బల్బు బిగించకుండానే దిగాడు.

"ఎక్కడికండీ?" భార్య అడుగుతూనే ఉంది, అతను మెట్లెక్కేశాడు.

ఓనరమ్మ కుర్చీలో కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి నూనె పట్టించుకుంటోంది. అతను చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నది.

"నేనా? మెట్లు దిగి మీ ఇంట్లో దూరి, స్టూలెక్కి బల్బు తిప్పానా?" ఆవిడ నూనె చేతిని మోకాలి మీద నుంచి తియ్యలేదు. "నాయనా, నేను ఈ కుర్చీ ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. అంత శక్తే ఉంటే నిన్ను మెడ పట్టుకుని గెంటేదాన్ని, బల్బుతో ఎందుకు సరిపెడతాను?"

ఆవిడ మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి.

"అది సరే గానీ, మీ ఆవిడేది? బట్టలు పొద్దుగూకాక ఆరేస్తుంది. పొద్దెక్కాక సందులోకి రావడమే మానేసింది. కూరలకి కూడా నువ్వే వెళుతున్నావు. ఏం, పోట్లాడుకున్నారా?"

"పోట్లాటేముందండీ. పని."

"ఏం పనో. నెల కిందట పైకొచ్చినప్పుడు చిక్కినట్టు కనబడింది. కాస్త చూసుకో బాబూ."

సరేనని దిగి వచ్చేశాడు. మెట్లు దిగుతుంటే ఆలోచన అంతా గీత మీదే ఉంది. తాళం వేసిన ఇంట్లో గీత ఎవరు విరిచారు? కిందకి వచ్చేసరికి భార్య అరల మధ్య నిలబడి టార్చితో సిద్ధంగా ఉంది.

"ఇవాళ రెండు తొట్లు అనుమానంగా ఉన్నాయండీ. రండి, చూద్దాం."

అతను ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు. ఊదా వెలుగులో ఆమె ముఖం ఎప్పట్లాగే గులాబీగా, నిండుగా ఉంది. చిక్కడమేమిటి, ముసలావిడ చాదస్తం కాకపోతే.

"పద," అన్నాడు.

*

డిజైనరమ్మ చెప్పిన వేళకంటే ముందే దిగింది. మిట్టమధ్యాహ్నం, కారు సందులో పట్టక రోడ్డు మీదే వదిలేసి. లోపలికి రెండడుగులు వేసి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాకీ డిస్కో లైట్లో ఏం కనిపించట్లేదండీ. బయట ఎండలో చూపించండి. అన్నీ వద్దు, ఓ రెండు ట్రేలు చాలు."

పొడుగాటి చెక్కట్రేలు అవి. తడిమట్టితో నిండిన తొట్లు, చెరోవైపు ఒకరు పట్టుకుంటే తప్ప కదలవు.

"ఏమే, రా. ఆ చివర పట్టు."

"మేస్త్రిని పిలవండి," వంటింట్లోంచి అంది. "నాకు నడుం పట్టేసింది."

"మేస్త్రి ఇప్పుడెక్కడ దొరుకుతాడు? ఆవిడ నిలబడి ఉంది. ఒక్క నిమిషం, రా."

"మీరే ఒక్కో తొట్టీ మొయ్యండి."

"ఇలా ఒక్కోటీ మోస్తుంటే ఆవిడ కారెక్కిపోతుంది!" అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఆర్నెల్ల చాకిరీ గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటోంది. "ఏమిటి నీ పంతం? ఇంత చేసి ఇప్పుడు నా పరువు తీస్తావా? వస్తావా రావా?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి తెర కదిలింది. పమిట తల మీదుగా నుదుటిదాకా లాక్కుని, గ్లోవ్స్ తొడుక్కుని వచ్చింది. వంగి ట్రే చివర పట్టుకుంది. అతను వెనక్కి నడుస్తూ, ఆమె ముందుకు నడుస్తూ గుమ్మం దాటారు. సందు దాటి, పక్క స్థలంలో ఎండ పడ్డ చోట ట్రే దించారు.

వంగి లేస్తున్నప్పుడు పమిట జారింది.

డిజైనరమ్మ ఫెర్న్ ఆకు వేళ్ళతో తిప్పబోతూ ఆగింది. ఆకు వంక చూడటం మానేసింది.

"ఈమెకి..." అంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

అతను ఆవిడ చూపు వెంట తిరిగి చూశాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండ. పైన ఏ అడ్డూ లేదు. భార్య ముఖం పసుపు. నుదురు పసుపు, బుగ్గలు పసుపు, మెడ దగ్గర ఎముకలు పొడుచుకొచ్చిన చోట మరింత పసుపు. ఎండకి ఆమె కళ్ళు చికిలించి మళ్ళీ తెరిచింది. తెల్లగుడ్డు అన్నది లేదు. రెండు కళ్ళూ ముదిరిన పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. మోచేతుల పైన, గ్లోవ్స్ అంచు దాటి, గోళ్ళ గీతలు ఎర్రగా వరసలు కట్టాయి.

ఆవగింజంత పసుపుని ఆకు అడుగున పట్టుకునే మనిషి అతను.

"ఎండకి," అంది ఆమె పమిట మళ్ళీ లాక్కుంటూ. "ఎండ పడట్లేదు నాకు. మీరు మొక్కలు చూడండమ్మా. చాలా బాగా వచ్చాయి."

*

పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యేసరికి రెండు రోజులు పట్టింది. డాక్టరు మధ్యవయస్కుడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. స్కాను ఫిల్ము వెలుగుపెట్టె మీద అంటించాడు. ఆ తెల్లటి వెలుగు వంక మొక్కలాయన చూడలేకపోయాడు.

"లోపల గడ్డ ఉంది. అది పైత్యరసం దిగే దారిని మూసేసింది. చిన్న గొట్టం వేస్తాం. దురద పోతుంది, రంగు కొంచెం తగ్గుతుంది. గడ్డని మాత్రం ముట్టుకోలేం. కాలేయానికి పాకింది."

"ముందే వచ్చుంటే, డాక్టరుగారూ?"

"అది ఇప్పుడు చెప్పలేను. తేడా ఉండేదేమో, ఉండేది కాదేమో." కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "ఇంత పసుపు నిన్న మొన్నటిది కాదు. ఇంట్లో ఎవరూ చూడలేదా?"

మొక్కలాయన నోరు తెరిచాడు. లైట్ల సంగతి చెబుదామనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

వార్డులో ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమే ఇటు తిరిగింది.

"బల్బులు నేనే తిప్పాను."

అతను తలూపాడు. ఎండలో నిలబడ్డ క్షణంలోనే తెలిసింది.

"ముందు కిటికీ దగ్గర తల దువ్వుకుంటుంటే అద్దంలో కనిపించింది. కళ్ళ చివర కొంచెం. వేడి చేసిందనుకున్నా. తర్వాత గోళ్ళు కూడా. అప్పుడే మీరు చోటు చాలట్లేదన్నారు, కిటికీ ఇచ్చేశా. లోపలుంటే కనబడదుగా. సాయంత్రం ఆ ఒక్క బల్బే భయం. పక్కకి పక్కకి నిలబడేదాన్ని. ఈమధ్య మరీ ఎక్కువైపోయింది, ఇంక పక్కకి నిలబడ్డా లాభం లేదనిపించింది."

"ఆర్డరు కోసమా?" అన్నాడు. "ఆ దిక్కుమాలిన గోడ కోసమా?"

ఆమె దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది. ఈలోపు నర్సు వచ్చి అతన్ని బయటికి పొమ్మంది.

*

గొట్టం వేయించుకుని ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రానికి ఇల్లు ఖాళీగా ఉంది. డిజైనరమ్మ ఆ రోజే సరేనని చెప్పి వెళ్ళిందట. మేస్త్రి దగ్గరుండి తొట్లన్నీ వ్యానెక్కించాడు. అరలన్నీ బోసిగా, తడి గుండ్రాల మచ్చలతో మిగిలాయి. మూలనున్న తొట్లు మాత్రం ఎవరికీ అక్కర్లేక అక్కడే ఉన్నాయి.

"ఆ లైట్లు వెయ్యండి," అంది మంచం మీద వాలుతూ.

"కింద మొక్కలేం లేవుగా."

"వెయ్యండి."

వేశాడు. ఖాళీ అరలు ఊదారంగులో మెరిశాయి. ఆమె ముఖం మళ్ళీ గులాబీ అయింది, మళ్ళీ నిండుగా అయింది. అతను మంచినీళ్ళు అందించాడు. దిండు సరిచేశాడు. మందులు బల్ల మీద పేర్చాడు. ఆమె కాళ్ళ మీద దుప్పటి కప్పి, ఎదురుగా కూర్చుని నేల వంక చూశాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చినంతసేపూ, ఇంటికి వచ్చాకా, అతని నోట్లోంచి అవసరమైన మాట తప్ప ఒక్క మాట రాలేదు.

"మొదలెట్టేశారు," అంది ఆమె.

"ఏంటి?"

"ఇదే. ఈ మాట్లాడకపోవడం." కోపంగా అనలేదు. అలసటగా అంది. "ఆసుపత్రిలో అడిగారుగా, ఆర్డరు కోసమా అని. కొంత అదీ ఉంది. కానీ నేను మీ వెనక నిలబడి రోజూ చూస్తున్నానండీ. బాగున్న మొక్క దగ్గర లోకంలో ఉన్న కబుర్లన్నీ చెబుతారు. పసుపు కనిపించిందా, ఇంక అంతే. నోరు మూతపడిపోతుంది. చేత్తో ఎంత మెత్తగా ఎత్తుతారో, పసిపిల్లనెత్తినట్టు. మూలలో పెట్టాక మళ్ళీ దానితో ఒక్క మాట మాట్లాడరు. నీళ్ళు మాత్రం పోస్తారు."

అతను మూలనున్న తొట్ల వంక చూశాడు.

"నీళ్ళకి లోటు చెయ్యరని నాకు తెలుసు," అంది. "ఉన్నన్నాళ్ళు మీ కబుర్లు కావాలనిపించింది. అంతే."

అతను లేచి ఆమె పక్కన కూర్చుని ఏదో చెప్పబోయాడు. ఎన్ని తొట్లు మోశాడో, ఎన్నింటి దగ్గర నోరు మూసుకున్నాడో, ఒక్కటీ తనకి తెలిసి చేసింది కాదు. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె నిద్రపోయింది.

తెల్లవారి ఆమె కళ్ళు తెరిచేసరికి కిటికీ దగ్గర ఇనుము గీసుకుంటున్న చప్పుడు. అతను అరని ఒక్కడే భుజంతో నెడుతున్నాడు. అర గోడ వదిలి పక్కకి జరిగింది. ఇన్నాళ్ళ దుమ్ము పట్టిన కిటికీ రెక్కలు రెండు గుద్దులకి తెరుచుకున్నాయి. పొద్దుటి ఎండ నేరుగా మంచం మీద పడింది.

"మూసెయ్యండి," అంది ఆమె. పమిటతో ముఖం కప్పేసుకుంది. "ఏమండీ, మూసెయ్యండి."

అతను మూయలేదు. గోడ దగ్గర మీట నొక్కి ఊదా లైట్లు కూడా ఆపేశాడు. మూలనున్న తొట్లని రెండు రెండుగా మోసుకొచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆకు తనిఖీకి వాడే పొట్టిస్టూలు మంచం ఎదురుగా లాక్కుని, ఆమె ముఖానికి సూటిగా కూర్చున్నాడు.

"అదేమో..." అన్నాడు. ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ డిజైనరమ్మ లేదూ... ఆ రోజు లోపలికొచ్చి ఏమందో చూశావా? మూతి ఇలా పెట్టి, 'నాకీ డిస్కో లైట్లో ఏం కనిపించట్లేదండీ' అందా మహాతల్లి..."

ముక్కుతో అనబోయాడు. గొంతు చీరుకుపోయి, ముక్కుతో కాక ఇంకెక్కడినుంచో వచ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "మూతి ఇలా పెట్టి..."

బయట ఎవరో పిల్లాడు డిస్కో మావయ్యా అని అరుచుకుంటూ పరిగెత్తాడు.

"అలా పెట్టలేదు," అంది పమిట కిందనుంచి.

"మరి?"

"మీరు సరిగ్గా చూడలేదు. మీ కళ్ళెప్పుడూ ట్రే మీదే."

"అయితే నువ్వు చూపించు."

ఆమె ముఖం మీంచి పమిట కొంచెం కొంచెంగా తీసింది. ఎండలో మూతి సున్నాలా చుట్టి, కనుబొమలెత్తి, డిజైనరమ్మ అయింది. అతను చూశాడు. పసుపు పెదవులు, పసుపు కళ్ళు, ఆ కళ్ళ చుట్టూ ఎండిన ఆకు మీద ఈనెల్లా సన్నటి గీతలు. చూపు తిప్పుకోలేదు.

"అబ్బే, అలాక్కాదు," అన్నాడు. "కనుబొమ ఒక్కటే ఎత్తింది. రెండోది మేకప్పుకి అతుక్కుపోయింది. ఇంకా విను, హోటల్ మేనేజరు నిన్న ఫోన్ చేశాడు, ఏమన్నాడంటే..."

హోటల్ మేనేజరు నిన్న ఫోన్ చేయలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. దిండు ఎత్తుగా సర్దుకుని, "ఏమన్నాడు?" అంది.